పాటిదిబ్బ సావుకారు

మనిషి పోయాడని కబురొస్తే ఎవరైనా ఎప్పుడు పోయాడు, ఏం జబ్బు అని అడుగుతారు. నేను "పెరటి గోడకి కన్నం కొట్టినారేటి?" అని అడిగాను. కబురు చెప్పినవాడు చీపురుపల్లి నుంచి నువ్వుల బేరానికొచ్చిన బండివాడు. నా నోట ఆ మాట వినేసరికి మంచినీళ్ల చెంబు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"అదేటమ్మా, మనిషి సచ్చిపోనాడంటే గోడ సంగతి అడుగుతన్నావు? ఆ సావుకారు నీకేటవుతాడేటి?"

ఏమవుతాడు? చుట్టమూ కాదు, పక్కమూ కాదు. మా కులమూ కాదు, మా ఊరూ కాదు. బాంబులు పడ్డ ఏడాది వేసవంతా మా పాటిదిబ్బ మీద నిలబడి మా ఇంటిల్లిపాది చేతా చీవాట్లు తిన్న మనిషి. అంతే. కానీ ఆ కబురు విన్నాక నాకు కాలు ఒకచోట నిలవలేదు. ఎసరు పెట్టి బియ్యం వెయ్యడం మరిచిపోయాను. వాకిట్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి వాకిట్లోకి తిరుగుతూనే ఉన్నాను. మా ఆయన చూసి, "ఒసే, సావుకారు పూనాడేటే నీకు?" అన్నాడు. నిజమే, ఆయన తిరుగుడు అచ్చం ఇలాగే ఉండేది.

మా ఊరు వంశధార పక్కన, పొద్దున్నే బయల్దేరితే ఎండ ముదరకముందే శ్రీముఖలింగం చేరేటంత దూరంలో ఉంది. ఊరికీ ఏటికీ నడుమ మా భూమిలో ఒక దిబ్బ ఉండేది. ఎప్పుడో, ముఖలింగం గుళ్లు కట్టిన రాజుల కాలంలోనో ఆ తర్వాతో, అక్కడ నాలుగు గడపల చిన్న ఊరుండేదట. ఊరు పోయింది, మన్ను మిగిలింది. అలా పాడుబడ్డ ఊళ్ల మన్నుని పాటిమన్ను అంటాం. ఎన్ని తరాల బూడిదో, పేడో, ఊకో అందులో కలిసి ఉంటుంది. వరిమడికి తోలితే ఇంక వేరే ఎరువు అక్కర్లేదు. నూర్పులయ్యి ఎడ్లు ఖాళీగా ఉన్న ఎండాకాలంలో పాటి ఉన్న ప్రతి రైతూ తవ్వుకుని బళ్లతో తోలుకుంటాడు. మా మామ తోలాడు, ఆయన తండ్రి తోలాడు. పెంకులో, పూసలో, ఎముకలో వస్తే పక్కకి విసిరెయ్యడమే. ఒక ఊరిని కొంచెం కొంచెంగా వరి చేసుకుని తినేస్తున్నామని మాకెవరికీ తోచలేదు. తోచినా ఆపుతామేటి? తిండి తిండే.

ఆయన్ని మొదట చూసింది ఆ దిబ్బ మీదే. మినుములు పీకే రోజులు. పలచటి మనిషి, పంచె మోకాళ్ల పైకి కట్టి, తలకి తువ్వాలు చుట్టి ఉన్నాడు. చేతిలో ఇనప గొట్టం. కోమట్ల కొట్లలో బస్తా విప్పకుండానే గోనెలోకి పొడిచి లోపలి గింజలు తీసి చూస్తారే, అలాంటిదే, ఇంకా పొడుగుది. దాన్ని మా భూమిలోకి పొడుస్తున్నాడు.

నాకు ఒళ్లు మండింది. "ఎవులది? మా దిబ్బలో ఏటి పొడుస్తన్నావు?"

"బస్తా సూస్తన్నాను తల్లీ," అన్నాడు తలెత్తకుండా.

"ఇక్కడ బస్తా ఎక్కడున్నాది?"

"నువ్వు నిల్సున్నదే బస్తా. ఎవులో నింపినారు, మూతి కుట్టినారు, ఎల్లిపోనారు. లోపలేటున్నాదో సూడొద్దా?"

గొట్టం పైకి లాగి నాకు చూపించాడు. అందులో మన్ను చారలు చారలుగా ఉంది. పైన నల్లది, కింద బూడిద, దాని కింద పసుప్పచ్చటి పూత, మళ్లీ బూడిద. చిటికెడు తీసి, బియ్యపు గింజ కొరికి చూసినట్టు, నాలిక మీద వేసుకుని ఉమ్మేశాడు. "ఉప్పగున్నాది. ఇక్కడ పసువుల్ని కట్టీవోరు," అన్నాడు. ఎప్పటి ఆవుల ఉచ్చో రుచి చూసే సావుకారుని నేనదే చూడ్డం. నవ్వాపుకోలేక ఇంటికొచ్చి మా అత్తకి చెప్పాను. ఆవిడ నవ్వలేదు. "పిచ్చోడు కాడే. పిచ్చోడైతే మింగీసీవోడు," అంది.

కూర్చునేవాడు కాదు. అరుగు మీద చాపేసి "కూకో సావుకారూ" అంటే "కూకుంటాన్లే తల్లీ" అనేవాడు, నిలబడే ఉండేవాడు. చీపురుపల్లి కోమట్ల బిడ్డ, మా ఇంట వండింది ముట్టడు. మజ్జిగ మాత్రం తాగేవాడు, అదైనా అటో అడుగు ఇటో అడుగు వేస్తూ. ఆయన మజ్జిగ తాగినచోట వాకిలి గుంట పడుతుందని మా ఆయన ఎగతాళి చేసేవాడు. తువ్వాలు ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి, ఆ భుజం మీంచి ఈ భుజం మీదికి. మాట మధ్యలో ఎడమచెయ్యి మొలదగ్గరికి పోయేది. అక్కడ మొలతాడుకి బెత్తెడు తాళంచెవి వేలాడేది. ఉందో లేదో తడుముకుని మళ్లీ తువ్వాలు సర్దుకునేవాడు. పడకా అంతే. ఒకపూట ముఖలింగం సత్రంలో, ఒకపూట మా కళ్లంలో, ఒకపూట రేవులో బోర్లించిన పడవ పక్కన. లోపల పడుకోమంటే ఊపిరాడదనేవాడు.

కనిపించిన ప్రతివాళ్లనీ ఒకటే అడిగేవాడు. "ఈ ఊరోళ్లు ఎందుకొగ్గీసి ఎల్లిపోనారు?" తలా ఒకటి చెప్పారు. అమ్మవారికి కోపం వచ్చిందని ఒకరు, కలరా అని ఒకరు, కొండ మీంచి పులి దిగిందని ఒకరు. మా అత్త చీమలంది.

"సీమలేటి పెద్దమ్మా?"

"ఎర్రసీమలు బాబూ. మా అమ్మమ్మ సెప్పింది. ఉయ్యాల్లో పసిగుంటల్ని పట్టీసినాయట. అంతే, ఊరు ఊరంతా లెగిసిపోనాది."

ఆయన అన్నీ శ్రద్ధగా వినేవాడు. విని, "మాటలెందుకు పెద్దమ్మా? పొయ్యి సెప్తాది," అనేవాడు. అది ఆయన ఊతపదం. ఎవరైనా బంగారం దొరికిందేటి అనడిగితే, "దొరికింది, అలికిన నేల," అనేవాడు. రాజుల గొడవ ఆయనకి పట్టదు. ఇల్లాలు పొయ్యి ఏ మూల పెట్టింది, నేల ఎన్నిసార్లు అలికింది, ఆఖరికి ఆ నిప్పు ఎలాగ ఆరింది, ఇవే కావాలి.

తాళంచెవి సంగతి మా ఆయన పట్టుకొచ్చాడు. ఎడ్ల కోసం చీపురుపల్లి వైపెళ్లి, రాగానే కాళ్లైనా కడుక్కోకుండా, "ఒసే, ఇంక ఆ మనిషిని సూసి నవ్వకే," అన్నాడు.

ఆయన పెళ్లాం జ్వరంతో పోయిందట. పోయిన ఘడియ ధనిష్ఠాపంచకం. ఆ చెడ్డ నక్షత్రాల్లో పోతే శవాన్ని వీధి గుమ్మంలోంచి తీసుకెళ్లరు. పెరటి గోడకి కన్నం కొట్టి అందులోంచి తీస్తారు. గుమ్మానికి ముళ్లకంప అడ్డం పెట్టి, తాళమేసి, ఇంటిల్లిపాదీ ఆరునెలలు వేరేచోట ఉంటారు. అక్కడే ఉంటే ఇంకో ప్రాణం పోతుందని భయం. ఇది అందరూ చేసేదే, మా ఇంట్లోనూ చేశాం. ఆరునెలలయ్యాక శాంతి చేయించి, కన్నం పూడ్చి, పాలు పొంగించి మళ్లీ వస్తారు. ఈయన రాలేదు. ఆరునెలలు దాటాయి, ఏళ్లు దాటాయి. ఒక్కగానొక్క కూతురు అప్పటికి పాలపళ్ల పిల్ల, ఆయన అక్కగారింట్లో పెరుగుతోంది. ఆ పిల్ల మా ఇల్లెక్కడని అడిగితే ఎవరో ఒకరు వీధిలోకి తీసుకెళ్లి తాళంకప్ప చూపిస్తారట. ఇప్పుడు తమ్ముడు ఆ ఇల్లు పడగొట్టి గోనెల గోదాం కట్టుకుంటానంటున్నాడు. ఈయన సరేననడు, వద్దనడు. తాళంచెవి ఇవ్వడు, తలుపూ తియ్యడు. గట్టిగా అడిగితే ఊరొదిలేసి పాడుబడ్డ దిబ్బలు పొడుస్తూ తిరుగుతాడు.

నాకు ఆయన మీద జాలి కంటే ఆ పిల్ల మీద జాలి ఎక్కువ కలిగింది. ఆయన మీద కోపమూ వచ్చింది, అదీ చెప్పాలి.

ఆ వేసవిలోనే విశాఖపట్నం మీద జపానువాళ్ల బాంబులు పడ్డాయి. పట్నం మూటలు కట్టుకుని పల్లెల మీద పడింది. మా పశువులశాల వారగా కూడా ఒక కుటుంబం దిగింది. సావుకారు ఈగలాగ వాళ్ల చుట్టూ తిరిగాడు. ఏం తెచ్చారు, ఏం వదిలేశారు, రోలు తెచ్చారా అని. ఆ ఇల్లాలికి చిర్రెత్తుకొచ్చింది.

"నెత్తి మీద బాంబులు పడతంటే రోలెవడు మోస్తాడయ్యా? పొయ్యి మీద పప్పు పొయ్యి మీదే ఒగ్గీసి వొచ్చినాం!"

ఆ మాట వినడమే తరువాయి, ఆయన దిబ్బకేసి ఉరికాడు. ఏం పుట్టిందో చూద్దామని నేనూ వెనకాలే వెళ్లాను. "సూడు తల్లీ, రోలు పాతిన గుంటలున్నాయి, రోళ్లు నేవు. గుమ్మాలున్నాయి, గడపలు నేవు. బెదిరి పారిపోయినోడు గడప పీక్కుని ఎల్తాడా? ఈళ్లు తాపీగా బళ్లు కట్టుకుని ఎల్లినారు."

"అయితే పులీ నేదు, మా అత్త సీమలూ నేవు?"

"ఏవీ నేవు. ఏరు పక్కకి తిరిగిపోయుంటాది. నీళ్లెక్కడుంటే అక్కడికి ఒక్కో ఇల్లూ జరిగిపోయుంటాది."

ఇన్నాళ్లూ ఊరందర్నీ పీక్కుతిన్న ప్రశ్నకి జవాబు దొరికింది గదా, మనిషి మొహంలో సంతోషమేదీ? చెయ్యి మళ్లీ మొలదగ్గరికి పోయింది. "ఊరు ఎల్లిపోనాది సరే," అని గొణిగాడు, "ఒక్కరైనా తిరిగొచ్చినారా అని."

పట్నం కుటుంబం ఎన్నాళ్లో ఉండలేదు. భయం తగ్గగానే బండి కట్టించుకుని వెళ్లిపోయారు. సావుకారు ఆ బండి వెనకాల చాలా దూరం నడిచి వెళ్లి వచ్చాడు. వచ్చి, "సూసినావా తల్లీ, మళ్లీ ఎల్లినారు. ఆ ఇంటికే ఎల్లినారు," అన్నాడు, లోకంలో ఎవరూ చెయ్యని పనేదో వాళ్లు చేసినట్టు.

మృగశిర కార్తె దగ్గరపడుతోంది. ఆలోగా పాటిమన్ను తోలెయ్యాలి. వాన పడిందా, ఆ మన్ను బురదై బండెక్కదు, మళ్లీ ఏడాది దాకా మడికి ఎరువు లేదు. సావుకారు మా ఆయన్ని బతిమాలుకున్నాడు, తూర్పుమూల ఆఖరున తవ్వుకోమని. ఆ మూలలో గొట్టానికి మంచి నేల తగిలిందట. మా ఆయన సరేనన్నాడు. అక్కడ ఆయన ఒక్కడే పనిచేసేవాడు. చిన్న బొరిగె, చీపురు, చేట. తీసిన మన్నంతా చేటలో పోసి చెరిగేవాడు. ఆడదానిలాగ చెరుగుతున్నాడని రేవుకెళ్లే ఆడవాళ్లు మూతులకి కొంగులడ్డం పెట్టుకునేవారు.

కొన్నాళ్లకి ఒక ఇంటి గోడల మొదళ్లు మోకాలెత్తున బయటపడ్డాయి. మా ఆయన, నేనూ చూడ్డానికి వెళ్లాం. వెనకవైపు గోడ ఒకచోట తెగి ఉంది. మట్టం దగ్గర్నుంచీ కొట్టేసిన జాడ, మధ్యలో వేరే రంగు మన్ను, పైనుంచి జారిందో ఏమో.

"అదిగో, దొంగలు కన్నమేసినారు!" అన్నాడు మా ఆయన. "దోసుకు పోనారన్నమాట. అందుకే ఎల్లిపోనారు ఈళ్లు."

సావుకారు గోడ దగ్గరికి వంగాడు. చేతులు బారజాపి ఆ కన్నం వెడల్పు కొలిచాడు. "దొంగ ఒక్కడు దూరీటంతే కొడతాడయ్యా," అన్నాడు. "ఇది పాడె పట్టీటంత ఉన్నాది. నాను కొట్టించినాను గదా, నాకు తెలుసు."

అని ఆ గోడ పక్కన చతికిలబడ్డాడు. ఆయన కూర్చోగా చూడ్డం మాకు అదే మొదలు. మా ఆయన నా వైపు చూశాడు, నేను నేల వైపు చూశాను.

ఆ తర్వాత ఆయన ఆ ఇంటి జోలికి పోలేదు. దిబ్బకి అటు చివర ఎక్కడో పొడుస్తూ, ఇటు రాకుండా తిరిగేవాడు. మజ్జిగకి కూడా రాలేదు. ఏటి మీద మబ్బు పట్టడం మొదలైంది. మా ఆయన బళ్లకి కందెన వేసుకుంటున్నాడు. నాకు ఆగలేదు. ముంతతో మజ్జిగ పట్టుకుని నేనే దిబ్బ మీదికి వెళ్లాను.

"ఏటి సావుకారూ, ఆ ఇల్లు తవ్వవా?"

"ఏటున్నాది తవ్వడానికి? ఎల్లిపోనారు, అంతే."

"తిరిగొచ్చినారేమో?"

"రానేదు."

"నీకెలాగ తెలుసు? లోపలికెళ్లి సూసినావా?"

తువ్వాలు అటు, తువ్వాలు ఇటు. నా నోరు మొదట్నుంచీ మంచిది కాదు. "నీ ఇంటి తాళం తియ్యలేవు. ఈ ఇంట్లో కాలెట్టలేవు. మరెందుకయ్యా మా మన్నంతా తూట్లు పొడిసినావు? అక్కడ నీ గుంట మా ఇల్లేదంటే తాళంకప్ప సూపిస్తన్నారట. ఆ గుంట ఏటి పాపం సేసింది?" అని అరిచేశాను. అరిచాక నాలిక కరుచుకున్నాను. పరాయి మగాడు, వయసులో పెద్ద, కన్నీళ్లు పెట్టుకుంటే నేనేం చెయ్యను?

ఆయనకి కోపం రాలేదు. తాళంచెవి పిడికిట్లో పట్టుకుని, "పొయ్యిలో బూడిద నేకపోతే?" అన్నాడు. "నాలాగే ఒక మనిషి ఇలాగే గోడ కొట్టి ఎల్లినాడు. ఆడు తిరిగొచ్చి పొయ్యి ఎలిగించుకున్నాడా, నేదా? ఎలిగించుకోనేదనుకో, ఇంక నా వల్లేటవుతాది తల్లీ? రేపే ఈ తాళంచెవి తమ్ముడి సేతిలో పెట్టీస్తాను. పడగొట్టుకోమంటాను. అందుకే సూడ్డానికి బయమేస్తన్నాది."

ఎవరో ఎప్పుడో అలికిన నేల మీద ఈయన తన ఇల్లు పందెం పెట్టాడు. పిచ్చని మీరనొచ్చు. నేననలేకపోయాను.

మర్నాడు పొద్దున్నే బళ్లు దిబ్బ ఎక్కాయి, తిన్నగా తూర్పుమూలకి. నేను మజ్జిగ ముంతతో వెళ్లి ఎడ్ల ముందు నిలబడ్డాను.

"ఒసే, మబ్బు సూడు. బేగి జరుగు."

"జరగను. ఈ మూల ఒగ్గీ. పడమటేపు తోలుకో."

"పడమటంతా తవ్వీసినాం గదే! ఇంక అక్కడేటున్నాది? కోమటాయన పిచ్చి నీకూ అంటుకున్నాదా?"

"రేతిరికి కూడు కావాలంటే పడమటేపు తోలుకో."

బళ్లతో వచ్చిన పాలేళ్లు పగలబడి నవ్వారు. మా ఆయన నన్నూ, నన్ను కన్నవాళ్లనీ తిడుతూ ఎడ్లని మళ్లించాడు. ఆ గొడవంతా సావుకారు దూరం నుంచి చూశాడు. చూసి మెల్లగా వచ్చాడు. ఆ పాడింటి గుమ్మం దగ్గర, గడప కూడా లేని గుమ్మం, చెప్పులు విడిచి, కుడికాలు ముందు పెట్టి లోపలికి అడుగేశాడు. పొయ్యి మూలకెళ్లి పైమన్ను ఊడ్చి, గొట్టం దింపి, తిప్పి, పైకి లాగాడు. లాగి, కళ్లు మూసుకుని నా చేతికిచ్చాడు.

"నువ్వు సూసి సెప్పు తల్లీ. కింద నుంచి సెప్పు."

"అడుగున బూడిద."

"దాని మీద?"

"ఇసుక. గోరంత మందం ఉంటాది."

"అప్పుడు ఇల్లు ఖాళీగున్నాది. ఏటి గాలికి ఇసుక పడ్డాది." కళ్లు ఇంకా గట్టిగా మూసుకున్నాడు. "దాని మీద?"

"అలికిన పూత. పూత మీద..." నాకే నమ్మకం కలగక గొట్టం వెలుతురుకి తిప్పాను. "బూడిద. పూత మీద మళ్లీ బూడిద సావుకారూ!"

"ఎంత?"

"బెత్తెడు పైనే ఉన్నాది."

"కిందదాని కన్నానా?"

"కిందది దీని ముందేపాటి? ఒచ్చినారయ్యా. ఒచ్చి శానా కాలం ఒండుకు తిన్నారు."

ఆయన కళ్లు తెరవలేదు. తడుముకుంటూ వెనక గోడ దగ్గరికెళ్లి కన్నం ఉన్నచోట లోపలివైపు మన్ను చేత్తో రాల్చాడు. కొత్త మన్ను మెత్తి కన్నం పూడ్చారు. పాత గోడ మీదా ఆ అతుకు మీదా ఒకే పూత, ఎక్కడా తెగకుండా, చెయ్యి తిప్పి అలికిన వంపులతో సహా ఉంది. ఆయన ఆ వంపుల మీద అరచెయ్యి ఆనించి ఉండిపోయాడు. నాకు ఏడుపొచ్చింది. చెప్పడానికి సిగ్గేటి, ఏడ్చాను. చనిపోయినది ఎవరో, తిరిగొచ్చి అలికినది ఎవరో, నాకేమవుతారు వాళ్లు? అయినా ఏడ్చాను.

అప్పుడు ఆయన ఆ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, నా పక్కనున్న ముంత తీసుకుని మజ్జిగ మొత్తం తాగాడు.

సాయంత్రం మా ఆయన దగ్గరికొచ్చి, "రెండు గోనెల మన్ను కావాలి," అన్నాడు. మా ఆయనకి మతిపోయింది. "మన్ను తియ్యొద్దు, మన్ను ముట్టొద్దని మమ్మల్ని ఏడిపించినావు. ఇప్పుడు నువ్వే తోలుకు పోతావేటి?"

"మా గోడకి కన్నముండిపోనాదయ్యా," అన్నాడు సావుకారు. "పూడ్సుకోవాలి."

తానే మన్ను నింపాడు, తానే గోనెల మూతులు కుట్టాడు. మా బండి మీదే ఆమదాలవలస స్టేషనుకి వెళ్లాడు. బస్తాల్లో ఏముందని అక్కడి గుమాస్తా అడిగితే మన్ను అన్నాడట, అతను నమ్మక ఒక బస్తా విప్పించాడట. మా ఆయన వచ్చి ఆ సంగతి చెప్తూ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ మర్నాడే వాన పడింది. తూర్పుమూల మన్ను ఆ ఏడాది తోలలేదు, ఆ మేరకి పంటా తగ్గింది, దానికి మా ఆయన నన్ను సంక్రాంతి దాకా దెప్పాడు. మరుసటి వేసవికి అదీ తవ్వి తోలేశాం. ఆ ఇల్లూ మా మడిలో కలిసింది. సావుకారు మళ్లీ రాలేదు. చీపురుపల్లి బళ్లవాళ్ల నోట మాత్రం తాళం తీశాడని, పాలు పొంగించాడని, కూతుర్ని తెచ్చుకున్నాడని, తమ్ముడు గోదాం వేరేచోట కట్టుకున్నాడని విన్నాం.

దొరలు దేశం వదిలిపోయిన మరుసటి ఏడాది ఈ నువ్వుల బండివాడు కబురు తెచ్చాడు. నేను గోడ సంగతి అడిగితే, తేరుకున్నాక చెప్పాడు. "మళ్లీ ఆ పంచకమేనట అమ్మా. సిత్రం కాదేటి? సుట్టాలు గునపాలు పట్టుకుని పెరట్లోకి ఎల్తన్నారు. నాను అప్పటికే బండి కట్టీసినాను. తరవాతేటయ్యిందో నాకు తెల్దు."

పన్నెండో రోజు దాటనిచ్చి మా ఆయన్ని లాక్కుని రైలెక్కాను. దారంతా కాళ్లాడిస్తూనే ఉన్నాను. చీపురుపల్లిలో ఆ వీధికి వెళ్లేసరికి ఎదుటి అరుగు మీద చుట్టాలు నలుగురు ముడుచుకుని కూర్చున్నారు. ఈ ఇంటివైపు ఒక్కరూ కాలు పెట్టడం లేదు. ఇంటికి తాళం లేదు, ముళ్లకంప లేదు. తలుపులు బార్లా తీసి ఉన్నాయి. నేను గడప దాటుతుంటే "లోపలికెళ్లకమ్మా, మంచిది కాదు," అని అరుగు మీంచి ఎవరో అన్నారు. వెళ్లాను.

కూతురు వంటింటి గుమ్మంలోకి వచ్చింది. చంకలో పసిపిల్ల. నేనెవరో చెప్తే, "దిబ్బ పిన్నివా? నాన్న సెప్పీవోడు," అంది. వాళ్ల నాన్నలాగే మాట మధ్యలో చెయ్యి నడుం మీదికి పోయింది, తాళంచెవి లేదు గానీ.

"గోడ కొట్టినారేటమ్మా?" అన్నాను.

"కొట్టనివ్వనేదు. వీధి గుమ్మంలోంచే తీసుకెల్లమని నాన్న ఒట్టేయించుకున్నాడు. ఆరునెలలని ఎల్లి తాను ఎన్నేళ్లకొచ్చినాడో సూసినావు గదే, నువ్వెల్లకే అన్నాడు. అందరూ బయటికెల్లిపోనారు. మేం ఎల్లనేదు."

"బయం నేదేటే?"

"ఎందుకు నేదు? రేతిరి ఈ గుంట దగ్గితే నా గుండాగిపోతాది." పిల్లని ఈ చంక మీంచి ఆ చంక మీదికి మార్చుకుంది. "అయినా పొద్దున్న లెగిసి పొయ్యి ఎలిగిస్తన్నాను."

పెరట్లోకి వెళ్లాను. ఎర్రమట్టి గోడలో పాడె పట్టేటంత మేర మా దిబ్బ మన్ను, బూడిద రంగుగా వేరే తెలిసిపోతోంది. అందులో అక్కడక్కడా పెంకు ముక్కలు. ఒకచోట గునపం మొన దిగిన గాటు ఒక్కటి ఉంది, అంతే. అతుకు అలాగే ఉంది.

లోపలికొచ్చాను. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. ఆ పిల్ల పీట వాల్చి, "కూకో పిన్నీ," అంది. కూర్చున్నాను. చంటిదాన్ని ఒళ్లోకి తీసుకున్నాను. రైలు వేళయిందని మా ఆయన వీధిలోంచి ఎన్నిసార్లు పిలిచినా లేవలేదు.